సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఓఎస్ కొత్తగా వేయడం

ఒకరు వాడి అమ్మిన ల్యాప్‌టాప్‌లోని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, దాంతోపాటు ఉన్న ఫైళ్లను తుడిచేసి మళ్లీ ఓఎస్ ఎక్కించడాన్ని తెలుగునాట ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు. నిజానికి ఫార్మాట్ అనేది ఈ పనిలో కొద్ది క్షణాల వ్యవహారం. అసలు పనంతా దానికి ముందూ తర్వాతా ఉంటుంది. యంత్రం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూసుకోవాలి, దాని వయసుకు తగిన ఓఎస్ ఎంచుకోవాలి, లైసెన్సు సంగతి తేల్చుకోవాలి, చివరికి వైఫై నుంచి టచ్‌ప్యాడ్ దాకా అన్నిటికీ డ్రైవర్లు కుదర్చాలి.

పాత యజమాని జాడలు మూడు చోట్ల మిగులుతాయి. మొదటిది డిస్కు. రెండోది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. మూడోది ఆ యంత్రంలోనే లేదు. దాని గుర్తింపు నమోదై ఉన్న సర్వర్‌లో ఉంది. ఓఎస్ కొత్తగా వేస్తే శుభ్రమయ్యేది మొదటిదొక్కటే. కొన్నవాడి డబ్బు నీళ్లపాలు చేసే చిక్కులు మిగతా రెండు చోట్లా దాగి ఉంటాయి కాబట్టి ఈ వ్యాసం వాటిమీదే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

యంత్రాలు ఎక్కడి నుంచి వస్తాయి

పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే ల్యాప్‌టాప్‌లను కొన్నేళ్ల లీజు మీద తీసుకుంటాయి. గడువు తీరాక అవి లాట్ల లెక్కన పాత సామాన్ల వ్యాపారుల చేతికి వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో గానీ వరసగా పేర్చి కనిపించే డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో చాలావరకు ఈ దారిన వచ్చినవే. ఇళ్లకోసం చేసిన చవక మోడళ్లకంటే ఇవే మేలు. పాతవాటిలో అడుగు మూత విప్పి ర్యామ్, డిస్కు మార్చుకోవచ్చు. వీటి డ్రైవర్లు తయారీదారు సైటులో ఏళ్ల తరబడి దొరుకుతాయి. కానీ కంపెనీ తాళాలు పడి ఉండేదీ వీటికే.

ఇళ్ల నుంచి అమ్మకానికి వచ్చే యంత్రాలకు తాళాల బెడద తక్కువ, లైసెన్సు బెడద ఎక్కువ. మన దేశంలో ధర తగ్గించడానికి విండోస్ లేకుండా, 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఫ్రీడాస్‌తోనో ఉబుంటుతోనో అమ్మిన మోడళ్లు బోలెడు. వాటిని కొన్న మర్నాడే తెలిసిన కుర్రాడి చేత విండోస్ వేయించుకున్న ఇళ్లూ బోలెడు. అలాంటి యంత్రం తెర మీద విండోస్ కనిపిస్తున్నా, దానికి హక్కు పుట్టుకతో వచ్చింది కాదు.

ఫార్మాట్‌కు లొంగని తాళాలు

డబ్బు చేతులు మారకముందే యంత్రాన్ని ఆన్ చేసి బయోస్ సెటప్ తెరిచి చూడాలి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కితే అది వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే బేరం ఆపేయడమే మంచిది. డెస్క్‌టాప్‌లలో మాదిరిగా గడియారం బ్యాటరీ పీకి పెడితే పోతుందని కొందరు దుకాణదారులు భరోసా ఇస్తారు. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటుంది. మర్చిపోతే మదర్‌బోర్డు మార్చడమే మార్గమని లెనోవో తన పుస్తకాల్లోనే రాసింది. హార్డ్ డిస్కుకు విడిగా పాస్‌వర్డ్ పెట్టే వీలు కూడా ఉంది. అది పడిన డిస్కును వేరే యంత్రంలో పెట్టినా తెరుచుకోదు.

సెటప్‌లోనే సెక్యూరిటీ పేజీలో కంప్యూట్రేస్ లేదా అబ్సల్యూట్ అనే పేరు కనిపిస్తుంది. దొంగతనం జరిగితే యంత్రాన్ని పట్టుకోవడానికి కంపెనీలు డబ్బు కట్టి వాడే సేవ ఇది. దీని మూలం ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. డిస్కు మార్చి కొత్త విండోస్ వేసినా, మొదటిసారి బూట్ అవుతుండగానే తన చిన్న ప్రోగ్రామ్‌ను అందులో పెట్టేస్తుంది. ఆ ఆప్షన్ ‘యాక్టివేట్’ అయి ఉంటే పాత యజమాని చెబితేగానీ అది వదలదు.

ఫర్మ్‌వేర్ విండోస్‌లోకి ప్రోగ్రామ్‌ను ఎలా చొప్పించగలదన్న అనుమానం సహజం. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్టే ఇందుకు ఒక దారి పెట్టింది. 2015లో లెనోవో తన కొన్ని ఇంటి మోడళ్లలో ఈ దారినే వాడి సొంత సాఫ్ట్‌వేర్‌ను దించుతున్న సంగతి బయటపడి రచ్చయింది. కంపెనీ దాన్ని తీసేసే బయోస్ అప్‌డేట్ ఇచ్చింది. ఆ ఏళ్లలోని మోడల్ కొన్నవాళ్లు ఓఎస్ కంటే ముందు బయోస్‌ను అప్‌డేట్ చేసుకోవాలి.

మూడో రకం తాళం ఇంకా తెలివైంది. విండోస్ ఆటోపైలట్ పథకంలో కంపెనీ తన యంత్రాల హార్డ్‌వేర్ గుర్తింపును మైక్రోసాఫ్ట్ సర్వర్లలో తన పేరిట నమోదు చేసుకుంటుంది. ఆ యంత్రంలో విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్ ఇవ్వగానే ఫలానా సంస్థకు స్వాగతం అంటూ ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. అమ్మేవాడు నెట్ లేకుండా సెటప్ పూర్తిచేసి, మామూలు యూజర్ పేరు పెట్టి చూపిస్తే ఈ తాళం బయటపడదు. కొన్నవాడు ఇంటికి తెచ్చి బుద్ధిగా మళ్లీ ఫార్మాట్ కొట్టినప్పుడు బయటపడుతుంది. ‘కొత్త విండోస్ వేసిచ్చాం సార్, ఏమీ ముట్టుకోవద్దు’ అనే మాట వెనక ఉన్నది అన్నిసార్లూ దయ కాదు. సంస్థ అడ్మిన్ తన జాబితాలోంచి తొలగిస్తే తప్ప ఇది పోదు. ఆ యంత్రంలో లినక్స్ వేసుకుంటే మాత్రం దీనితో పనిలేదు. తాళం విండోస్ సెటప్‌కే గానీ యంత్రానికి కాదు.

డిస్కు, ర్యామ్

నెమ్మదించిన పాత ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్ కొడితే వేగం వస్తుందని అందరూ నమ్ముతారు. కొంత వస్తుంది, కొన్నాళ్లే ఉంటుంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు మీద ఇప్పటి ఓఎస్ ఏదైనా ఈడ్చుకుంటూనే నడుస్తుంది. ఆ డిస్కు తీసి అదే 2.5 అంగుళాల కొలతలో సాటా ఎస్‌ఎస్‌డి బిగిస్తే వచ్చే తేడా ఏ ఫార్మాట్‌తోనూ రాదు. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ర్యామ్ కంటే ముందు ఎస్‌ఎస్‌డి కొనాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒకే మినహాయింపు, ర్యామ్ 2 జీబీ మాత్రమే ఉన్న యంత్రం.

పాత డిస్కునే ఉంచుకోవాలనుకుంటే దాని ఆరోగ్యం చూడాలి. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పద్ధతిలో తన లెక్కలు తానే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్ వాటిని చూపిస్తుంది. అందులో 5వ అంశం పాడై పక్కన పెట్టేసిన సెక్టార్ల సంఖ్య, 197వ అంశం చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల సంఖ్య. ఈ రెండోది సున్నా కాకపోతే ఇన్‌స్టలేషన్ సగంలో ఆగిపోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

పాత యజమాని ఫైళ్ల సంగతి. పార్టిషన్లు డిలీట్ చేసినంత మాత్రాన సమాచారం పోదు. ఎక్కడ ఏముందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది, ఫొటోరెక్ వంటి ఉచిత సాధనంతో ఫొటోలు మళ్లీ పైకి తేవచ్చు. హార్డ్ డిస్కయితే మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్ డిస్క్‌పార్ట్‌లోని ‘క్లీన్ ఆల్’ ఆదేశం ఆ పనే చేస్తుంది. ఎస్‌ఎస్‌డిలో రాతలు ఏ గదిలో పడతాయో దాని కంట్రోలర్ ఇష్టం కాబట్టి సున్నాలు రాయడం నమ్మదగ్గ పని కాదు. డిస్కుకే ఉన్న సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లోనే ఆ మీట ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెలువరించిన 800-88 మార్గదర్శకాలు ఈ తేడాను వివరంగా చెబుతాయి. తుడవడం కొన్నవాడి రక్షణకు కూడా అవసరం. పాత యజమాని డిస్కులో ఏం వదిలి వెళ్లాడో ఎవరికీ తెలియదు.

బయోస్ తరం, యూఈఎఫ్‌ఐ తరం

1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ పద్ధతి దాదాపు మూడు దశాబ్దాలు రాజ్యం చేసింది. అది డిస్కు మొదటి సెక్టార్‌లోని కాస్త కోడ్‌ను చదివి దానికి పగ్గాలు అప్పగించేది. ఆ సెక్టార్‌లోనే ఉండే ఎంబీఆర్ పట్టిక 2 టీబీకి మించిన డిస్కును లెక్కపెట్టలేదు, నాలుగుకు మించి ప్రధాన పార్టిషన్లు ఒప్పుకోదు. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ, జీపీటీ అనే కొత్త పట్టికను వాడుతుంది; బూట్ ఫైళ్లను ఫ్యాట్32లో ఉండే ఒక చిన్న పార్టిషన్‌లో పెడుతుంది. 2012 అక్టోబరులో విండోస్ 8 విడుదలైనప్పుడు దాని ముద్రతో అమ్మే కొత్త యంత్రాలకు యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ తప్పనిసరి అయ్యాయి. అందుకే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ వయసు అడిగితే 2012కు ముందా తర్వాతా అని తెలుసుకోవడం మొదటి ప్రశ్న కావాలి.

మధ్యకాలపు యంత్రాలతోనే తికమక. వాటిలో యూఈఎఫ్‌ఐ, లెగసీ రెండు పద్ధతులూ ఉంటాయి. విండోస్ 7 వేయడానికి ఎవరో లెగసీకి మార్చి డిస్కును ఎంబీఆర్‌గా చేసి వదిలేస్తారు. ఆ తర్వాత కొన్నవాడు పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐలో బూట్ చేస్తే, పార్టిషన్ ఎంచుకునే పేజీలో కింద పసుపు త్రికోణం వస్తుంది. ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఈఎఫ్‌ఐ యంత్రాల్లో జీపీటీ డిస్కుల మీదే విండోస్ వేయగలం అని దాని అర్థం. డిస్కు చెడిపోయిందని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు. అదే తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లటి కమాండ్ కిటికీ తెరుచుకుంటుంది. డిస్క్‌పార్ట్ నడిపి, ఉన్న డిస్కుల జాబితా అడిగి, సైజు చూసి సరైన డిస్కును ఎంచుకుని, క్లీన్ అని, ఆపైన జీపీటీకి మార్చమనాలి. జాబితాలో పెన్‌డ్రైవ్ కూడా కనిపిస్తుంది. 500 జీబీ ఉన్నది ఏదో, 16 జీబీ ఉన్నది ఏదో చూడకుండా నంబరు కొడితే తుడుచుకుపోయేది ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవే.

2013-14 నాటి కొన్ని చవక ఆటమ్ నోట్‌బుక్‌లది మరీ విచిత్రమైన సంగతి. వాటి ప్రాసెసర్ 64 బిట్లది, యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్లది. మామూలు 64 బిట్ల విండోస్ పెన్‌డ్రైవ్‌ను అవి బూట్ మెనూలో చూపించవు. 32 బిట్ల విండోస్ 10 గానీ, 32 బిట్ల బూట్ ఫైలు కలిపి ఇచ్చే లినక్స్ గానీ వాటికి దిక్కు.

ఏ ఓఎస్ వేయాలి

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న, 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. విండోస్ 10 వాడేవాళ్లకు పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 దాకా గడువు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేసుకునేవాళ్లకు ఇది డబ్బు కట్టకుండానే అందేలా చేశారు.

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కోరేవి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్‌ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం. వీటికంటే గట్టిగా అడ్డుపడేది ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో స్థూలంగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచే అధికారిక అనుమతి. ల్యాప్‌టాప్‌ల 8వ తరం చిప్‌లు 2017 ఆగస్టులో వచ్చాయి. పాత మార్కెట్లో 6వ, 7వ తరం యంత్రాలు ఇప్పుడు చవగ్గా పోవడానికి ఈ గీతే కారణం. టీపీఎం లేదని సెటప్ మొరాయిస్తే అది నిజంగా లేకపోవచ్చు, బయోస్‌లో ఆఫ్ చేసి ఉండనూవచ్చు.

ఈ తనిఖీలను దాటవేసే ఉపాయాలు ఉన్నాయి. రూఫస్ అనే ఉచిత సాధనం పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే టిక్ పెట్టుకోమంటుంది. అలా వేసిన విండోస్ 11 నడుస్తుంది. అయితే అప్‌డేట్లు అందుతాయన్న పూచీ తమది కాదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఒక గోడ మాత్రం ఏ ఉపాయానికీ లొంగదు. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కు పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ సూచన తప్పనిసరి. కోర్ 2 డ్యువో చిప్‌లలో అది లేదు కాబట్టి బూటే కాదు.

అందుచేత 2017కు ముందరి యంత్రానికి, బ్యాంకు పనులూ బ్రౌజింగూ చేసుకునే ఇంటికి, ఈ వ్యాసకర్త లెక్కలో లినక్సే ముందు వరస. 2024లో విడుదలైన లినక్స్ మింట్ 22 శ్రేణికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో ఉన్న రకం పాత యంత్రాలకు తేలిక. బ్రౌజర్ తప్ప మరేదీ అక్కర్లేని వాళ్లకు గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది. దానికి 4 జీబీ ర్యామ్ కావాలి, ఫోన్ యాప్‌లు అందులో నడవవు. 32 బిట్ల ప్రాసెసర్లవారికి దారులు మూసుకుపోతున్నాయి. 2023 నాటి డెబియన్ 12తో ఆ తరానికి ఇన్‌స్టలర్ ఆగిపోయింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో లేదు. యాంటీఎక్స్ వంటి చిన్న పంపిణీలు మిగిలాయి.

మన దగ్గర ఆడిటర్లు, చిన్న వ్యాపారులు వాడే ట్యాలీ, కొన్ని ప్రింటర్లు, డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు విండోస్‌నే అడుగుతాయి. అలాంటి అవసరం ఉన్నవాళ్లు 8వ తరం యంత్రానికి కాస్త ఎక్కువ పెట్టడమే నయం.

లైసెన్సు

విండోస్ 7 కాలంలో ప్రొడక్ట్ కీ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండేది. అరచేతి చెమటకు, బ్యాగు రాపిడికి అరిగిపోయేది. విండోస్ 8 నుంచి తయారీదారులు కీని ఫర్మ్‌వేర్‌లోనే రాసిపెడుతున్నారు. సెటప్ దాన్ని తనంతట తానే చదువుకుంటుంది. కీ అడగదు, హోమా ప్రోనా అని కూడా అడగదు. ఈ ఒక్క విషయంలో ఫర్మ్‌వేర్‌లోని గతం కొన్నవాడి పక్షాన నిలుస్తుంది.

విండోస్ 10 వచ్చాక డిజిటల్ లైసెన్సు తోడైంది. ఒకసారి సక్రమంగా యాక్టివేట్ అయిన యంత్రం గుర్తింపు మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. మళ్లీ ఎన్నిసార్లు వేసినా, అదే ఎడిషన్ అయితే, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మారితే ఆ బంధం తెగుతుంది. విండోస్ 7, 8 కీలతో కొత్తగా 10నో 11నో యాక్టివేట్ చేసుకునే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. కాబట్టి స్టిక్కర్ చూపించి ‘ఒరిజినల్ ఉంది’ అనే అమ్మకందారు మాటకు ఇప్పుడు విలువ లేదు; ఆ యంత్రం అంతకుముందే 10కి ఎక్కి ఉంటే తప్ప.

సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ చదవడం మంచి అలవాటు. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయింది అని ఉంటే సరే. మీ సంస్థ యాక్టివేషన్ సేవ ద్వారా అయింది అని ఉంటే, కంపెనీలకు ఉద్దేశించిన కేఎంఎస్ పద్ధతిని ఎవరో దొంగదారిలో వాడారన్నమాట. 180 రోజులకోసారి సర్వర్‌ను పలకరించాల్సిన ఈ పద్ధతిని మోసగించే ‘యాక్టివేటర్లు’ మొదట అడిగేది యాంటీవైరస్ ఆపమని. ఆపి నడిపిన ప్రోగ్రామ్‌కు యంత్రం మొత్తం మీద అధికారం ఇచ్చినట్టే. చట్టం మాటకొస్తే, 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ ప్రతి అని తెలిసి వాడినవారికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా వదిలే వీలు కోర్టుకు ఉంది.

పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్ దాకా

విండోస్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే మీడియా క్రియేషన్ టూల్ చాలు. ఐఎస్ఓ ఫైలుతో చేసుకునేవాళ్లకు పీట్ బటార్డ్ 2011లో తెచ్చిన రూఫస్ ఉంది. ఐఎస్ఓలోని ఫైళ్లను ఊరికే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఒక్కోసారి కుదరకపోవడానికి కారణం ఉంది. యూఈఎఫ్‌ఐకి ఫ్యాట్32 కావాలి, అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, విండోస్ ముఖ్య ఫైలు అంతకు మించిపోయింది. నాలుగైదు ఓఎస్‌లు ఒకే పెన్‌డ్రైవ్‌లో తిప్పే రిపేరు కుర్రాళ్లు వెంటాయ్ వాడతారు.

బూట్ మెనూకు డెల్, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ బయోస్‌లో ఆ మెనూను ముందు ఆన్ చేయాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లు చాలావాటికి పక్కన సూదిమొన పట్టేంత నోవో బటన్ ఉంటుంది. పార్టిషన్ల పేజీలో సి, డి, రికవరీ, 100 ఎంబీ చిల్లర ముక్కలు అన్నీ డిలీట్ చేసి, ‘కేటాయించని స్థలం’ అనే ఒకే వరస మిగిలాక నెక్స్ట్ కొట్టాలి. సొంత ల్యాప్‌టాప్‌లో డి డ్రైవ్ ఫొటోలు కాపాడుకునే అలవాటుతో సెకండ్‌హ్యాండ్ యంత్రంలోనూ డి డ్రైవ్‌ను వదిలేస్తుంటారు. అక్కడ కాపాడుకోవాల్సింది మనదేమీ లేదు.

డిస్కే కనిపించకపోతే రెండు అనుమానాలు. పాతవాటిలో సాటా మోడ్ రెయిడ్‌లో ఉండి ఉంటుంది, ఏహెచ్‌సీఐకి మార్చాలి. 11వ తరం ఇంటెల్ నుంచి వీఎండీ అనే కంట్రోలర్ వెనక డిస్కు దాక్కుంటుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని సెటప్‌కు చూపించాలి. సీడీ డ్రైవే లేని యంత్రంలో ‘సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు’ అని విండోస్ 7 ఏడవడం మరో పాత తలనొప్పి. దాని అసలు గొడవ యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదని. 2015 నాటి 6వ తరం నుంచి ఇంటెల్ పాత యూఎస్‌బీ కంట్రోలర్‌ను తీసేయడంతో పోర్టు మార్చినా ఫలితం లేకుండా పోయింది.

ఏళ్లుగా మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌లో గడియారం బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. ప్రతి ఆన్‌కూ తేదీ ఫ్యాక్టరీ నాటికి పోతుంది. అప్పుడు వైఫై కలుస్తుంది గానీ ఏ సైటూ తెరుచుకోదు, అప్‌డేట్లు దిగవు. సైటు భద్రతా సర్టిఫికెట్లు ఇంకా పుట్టని తేదీలో యంత్రం ఉందన్నమాట. నెట్‌వర్క్‌తో గంటలు కుస్తీ పట్టే ముందు తెర మూలన తేదీ చూడాలి. ఇంటర్నెట్ సమయంతో సింక్ చేస్తే అప్పటికి గడుస్తుంది. శాశ్వతంగా బాగుపడాలంటే సీఆర్2032 నాణెం బ్యాటరీ మార్చాలి. ల్యాప్‌టాప్‌లలో దానికి రెండు వైర్లు, చిన్న ప్లగ్గు తొడిగి ఉంటాయి కాబట్టి కిరాణా కొట్లో దొరికే ఉత్త నాణెం అన్ని మోడళ్లకూ పనికిరాదు.

డ్రైవర్లు

విండోస్ 10, 11 అప్‌డేట్ ద్వారా చాలా డ్రైవర్లను తామే తెచ్చుకుంటాయి. తెచ్చుకోవడానికి ముందు నెట్ కావాలి, నెట్‌కు వైఫై డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడానికి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం అన్నిటికంటే సులువు.

మిగిలిపోయినవి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘తెలియని పరికరం’ అని నిలబడతాయి. డ్రైవర్ అప్‌డేటర్లంటూ దొరికే ప్రోగ్రామ్‌ల జోలికి పోకుండా ఆ వరస మీద రైట్ క్లిక్ చేసి, వివరాల్లో హార్డ్‌వేర్ ఐడీలు చూడాలి. అందులో వెండర్ సంఖ్య 8086 అని ఉంటే ఇంటెల్. 10ఈసీ అయితే రియల్‌టెక్. 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. దాన్నిబట్టి తయారీదారు సైటులో, డెల్ అయితే అడుగున ఉన్న ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్ కొట్టి, సరైన ఫైలు తెచ్చుకోవచ్చు. లాటిట్యూడ్‌లలో అందరినీ వేధించే ఎస్ఎంఓ8800 అనే తెలియని పరికరం ల్యాప్‌టాప్ చేయిజారితే హార్డ్ డిస్కును కాపాడే సెన్సర్. ఎస్‌ఎస్‌డి వేశాక దానికి పనే లేదు, పసుపు గుర్తు చూడలేని వాళ్లు మాత్రం డ్రైవర్ వేసుకోవచ్చు.

లినక్స్‌లో డ్రైవర్లు కెర్నెల్‌తోనే వస్తాయి. పాత బ్రాడ్‌కామ్ వైఫై కార్డులే తరచు మొండికేస్తాయి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వాటికి కావాల్సింది చూపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసే వీలు ఉండడం లినక్స్‌లో గొప్ప సౌకర్యం. దుకాణంలోనే పది నిమిషాల్లో వైఫై, శబ్దం, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది. విండోస్ వేయబోయేవాళ్లకు కూడా ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

మ్యాక్‌బుక్‌లు

ఇంటెల్ మ్యాక్‌బుక్‌లను ఆన్ చేస్తూ కమాండ్, ఆర్ పట్టుకుంటే రికవరీ వస్తుంది. 2018 నుంచి వచ్చిన టీ2 చిప్ మోడళ్లలో పాత యజమాని యాపిల్ ఖాతా తాళం మిగిలి ఉండవచ్చు, అతను తీసేస్తేగానీ అవి పనికిరావు. పాత ఇన్‌స్టలర్లలోని సర్టిఫికెట్లు కొన్నిటికి 2019 అక్టోబరు 24న గడువు తీరింది. ఫైలు పాడైందని అవి చెబితే నమ్మకుండా యాపిల్ నుంచి తాజా ప్రతి దించుకోవాలి, లేదా తేదీని వెనక్కి తిప్పి వేయాలి.

తెలుగు సంగతులు

విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో తెలుగు వచ్చింది, విండోస్ 7లో వాణి చేరింది, 8 నుంచి నిర్మల యూఐ ముందుకొచ్చింది. విండోస్ 10, 11 తాజాగా వేసినప్పుడు గౌతమి, వాణి ఉండవు. వాటిలో చేసిన పాత వర్డ్ ఫైళ్లు తెరిస్తే పేజీలు కదిలిపోతాయి. ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకుంటే అవి తిరిగి వస్తాయి. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ ఎప్పటినుంచో ఉంది, 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా విండోస్‌లోనే ఇస్తున్నారు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ కలిపి వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, యాపిల్ పద్ధతి కూడా దొరుకుతాయి. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు ప్యాకేజీలుగా వస్తాయి.

ఇబ్బందల్లా డీటీపీ సెంటర్లకు. పెళ్లి శుభలేఖల నుంచి పుస్తకాల దాకా ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, 2001లో ఆఖరి వెర్షన్‌గా వచ్చిన పేజ్‌మేకర్ 7.0లో కూర్చిన ఫైళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. అను యూనికోడ్ కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పేర్చిన ఏర్పాటు. ఫాంట్లు, కీబోర్డు మేనేజర్ లేకుండా ఆ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లిషు గజిబిజి. అందుకని ఆ యంత్రానికి ఫార్మాట్ కొట్టేముందు సి డ్రైవ్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌ను, ఇన్‌స్టలేషన్ సీడీలను, లైసెన్సు వివరాలను బయట దాచాలి. చాలాచోట్ల అవేవీ ఇప్పుడు దొరకవు. అప్పుడు ఓఎస్ మళ్లీ వేయడం కంటే, పాత డిస్కు మొత్తాన్ని క్లోన్‌జిల్లాతో ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా తీసి కొత్త ఎస్‌ఎస్‌డిలోకి దించడం క్షేమం. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, పూర్తయిన పేజీలను పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లో మరో కంప్యూటర్‌కు తెచ్చుకుంటే మద్దతు ఆగిపోయిన విండోస్ 7తో కూడా పని నడుస్తుంది.